ఎనిమిది ఓల్టుల ఎర్త్

రాత్రిపూట ఒక పాత అంబాసిడర్‌కి ఎదురుగా నిలబడి, లోపల కూర్చున్నవాళ్లని హెడ్‌లైట్లు వేయమన్నారనుకోండి. డిమ్‌లో కుడివైపు దీపం తెల్లగా, నిండుగా వెలిగింది. ఎడమవైపుది మాత్రం ఎర్రగా, నీరసంగా ఉంది. దగ్గరికి వెళ్లి అద్దంలోంచి తొంగిచూస్తే ఇంకో విడ్డూరం. ఆ బల్బులో ఉన్న రెండు ఫిలమెంట్లూ ఒకేసారి మసగ్గా మండుతున్నాయి. డిమ్‌లో ఒక్కటే కదా మండాలి? డాష్‌బోర్డు మీద చూస్తే, బ్రైట్ వేసినప్పుడు మాత్రమే వెలగాల్సిన నీలం దీపం కూడా సన్నగా వెలుగుతోంది.

ఇలాంటి బండి షెడ్డుకు వెళ్తే ముందు బల్బు మారుతుంది. లాభం ఉండదు. తర్వాత హోల్డరు మారుతుంది. అప్పటికీ కుదరకపోతే "వైరింగ్ మొత్తం పాతబడిపోయింది సార్, అంతా పీకి కొత్తది లాగాలి" అనే మాట వస్తుంది. అసలు లోపం మాత్రం మడ్‌గార్డు రేకుకి బిగించిన ఒక బోల్టు కింద, రూపాయి బిళ్లంత కూడా లేని చోట ఉంది. దాన్ని పట్టుకోవడానికి మామూలు మల్టీమీటరు చాలు. అయితే మీటరు తనంతట తాను ఏ లోపాన్నీ చూపించదు. దాని రెండు కొసలు ఎక్కడ పెట్టాలో మనకు తెలియాలి. అది తెలియాలంటే కరెంటు ఏ దారిన వెళ్తోందో, ఏ దారిన వెనక్కి వస్తోందో ముందు మనసులో గీసుకోవాలి.

కరెంటు వెళ్లే దారి, తిరిగొచ్చే దారి

అంబాసిడర్‌కి మూలం ఇంగ్లండులో తయారైన మోరిస్ ఆక్స్‌ఫర్డ్ సిరీస్ 3. 1950ల చివర్లో ఉత్తరపారాలో మొదలై 2014లో ఆగిపోయేదాకా ఆ బండి చాలా మార్పులు చూసింది. కానీ పాత మోడళ్లలో హెడ్‌లైట్ సర్క్యూట్ లూకాస్ కంపెనీ పద్ధతిలోనే ఉండేది. బ్యాటరీ ప్లస్ నుంచి గోధుమరంగు తీగ లైట్ల స్విచ్చికి వస్తుంది. స్విచ్చి నుంచి నీలం తీగ డిప్పర్‌కి వెళ్తుంది. పాత బండ్లలో ఈ డిప్పర్ ఎడమకాలి కింద, నేల మీదే ఉండేది. అక్కడ దారి రెండుగా చీలుతుంది: డిమ్‌కి నీలం-ఎరుపు తీగ, బ్రైట్‌కి నీలం-తెలుపు తీగ. ఒక్కో తీగా బండి ముందుభాగానికి వచ్చి రెండు దీపాలకూ చీలుతుంది. దీపం నుంచి బయటికి వచ్చే నల్ల తీగ దగ్గర్లోని రేకుకి బోల్టుతో బిగించి ఉంటుంది. అక్కణ్ణుంచి బ్యాటరీ మైనస్ దాకా బండి బాడీయే తీగ. ఎర్త్ అని మనం పిలిచేది ఈ తిరుగు దారినే.

రంగుల్ని గుడ్డిగా నమ్మకూడదు. ముప్పై నలభై ఏళ్లు తిరిగిన బండికి ఎన్నో చేతులు పడి ఉంటాయి. చేతికి ఏ తీగ దొరికితే ఆ తీగ అతికిన బండ్లే ఎక్కువ. రంగు దారి చూపిస్తుందంతే, రుజువు మీటరే చెప్పాలి.

ఇప్పుడు చాలా బండ్లలో కనిపించే హెచ్4 బల్బు సంగతి కూడా తెలియాలి. ఒకే గాజుబుడ్డిలో రెండు ఫిలమెంట్లు ఉంటాయి. డిమ్‌ది 55 వాట్లు, బ్రైట్‌ది 60 వాట్లు. బయటికి మూడు కాళ్లు. ఒకటి డిమ్‌కి, ఒకటి బ్రైట్‌కి, మూడోది రెండింటికీ ఉమ్మడి. ఆ ఉమ్మడి కాలే నల్ల తీగ ద్వారా ఎర్త్‌కి వెళ్తుంది. మనం చూసిన విడ్డూరానికి కారణం ఈ ఉమ్మడి కాలే.

ఎడమ దీపం నల్ల తీగకి బోల్టు దగ్గర పూర్తిగా తుప్పు పట్టి ఎర్త్ పోయిందనుకుందాం. డిమ్ వేశాం. నీలం-ఎరుపు తీగలో వచ్చిన కరెంటు ఎడమ బల్బు డిమ్ ఫిలమెంటుని దాటి ఉమ్మడి కాలు దగ్గరికి చేరింది. అక్కణ్ణుంచి బాడీలోకి పోవడానికి దారి లేదు. కానీ అదే కాలుకి బ్రైట్ ఫిలమెంటు కొస కూడా తగిలి ఉంది. కరెంటు ఆ ఫిలమెంటు గుండా ఎదురు నడిచి నీలం-తెలుపు తీగలోకి ప్రవేశిస్తుంది. ఆ తీగ కుడి దీపానికి కూడా వెళ్తుంది కదా. అక్కడ కుడి బల్బు బ్రైట్ ఫిలమెంటు గుండా పోయి, బాగున్న కుడి ఎర్త్ ద్వారా బ్యాటరీకి చేరుకుంటుంది.

అంటే మూడు ఫిలమెంట్లు ఒకదాని వెంట ఒకటి వరసలో ఉన్నాయి. మూడింటి నిరోధమూ ఇంచుమించు ఒకటే కాబట్టి 12 ఓల్టుల్ని దాదాపు సమానంగా పంచుకుంటాయి. తలా నాలుగు. నాలుగు ఓల్టులకి హెచ్4 ఫిలమెంటు తెల్లగా మండలేదు, ఎర్రబడుతుందంతే. అందుకే ఎడమ బల్బులో రెండు ఎర్రని గీతలు కనిపించాయి. కుడి బల్బులో బ్రైట్ ఫిలమెంటు కూడా అలాగే ఎర్రబడింది గానీ, పక్కనే నిండుగా మండుతున్న డిమ్ ఫిలమెంటు వెలుగులో అది కంటికి ఆనదు. డాష్‌బోర్డు నీలం దీపం నీలం-తెలుపు తీగ మీదే ఉంటుంది. ఆ తీగలో అనుకోకుండా చేరిన నాలుగు ఓల్టులకి అదీ సన్నగా వెలిగింది. మూడు వింతలకీ ఒక్కటే కారణం.

ఇప్పుడు మీటరు తీయండి. డీసీ ఓల్టుల్లో 20 రేంజిలో పెట్టి, నల్ల ప్రోబ్‌ని బ్యాటరీ మైనస్ మీద, ఎర్ర ప్రోబ్‌ని ఎడమ దీపం ఉమ్మడి కాలు మీద ఆనించండి. బల్బు హోల్డరులోనే ఉండాలి, లైటు వేసే ఉండాలి. మీటరు 8 ఓల్టుల చుట్టుపక్కల చూపిస్తుంది. ఎర్త్ అని పేరున్న చోట ఎనిమిది ఓల్టులు! అక్కడ ఉండాల్సింది సున్నాకి దగ్గరి అంకె. బల్బునీ హోల్డరునీ స్విచ్చినీ అనుమానించాల్సిన పని ఇక లేదు. ఉమ్మడి కాలుకీ బ్యాటరీ మైనస్‌కీ మధ్య దారి తెగింది, అంతే. ఎర్ర ప్రోబ్‌ని నల్ల తీగ వెంట ముందుకు జరుపుతూ రండి. బోల్టు కింద ఉన్న రింగు మీద పెడితే ఎనిమిది, రింగు ఆనుకున్న రేకు మీద గీకి పెడితే సున్నా. రెండు చోట్లకీ మధ్య దూరం ఒక మిల్లీమీటరు. ఏడుపులన్నీ ఆ మిల్లీమీటరులోనే ఉన్నాయి. బోల్టు విప్పి, రింగునీ రేకునీ ఉప్పుకాయితంతో తళతళలాడేదాకా రుద్ది, గట్టిగా బిగించి, పైన కొంచెం గ్రీజు పూస్తే సరిపోతుంది.

మీటరు నిజమే చెబుతుంది, అడిగినదానికే

షెడ్లలో తరచూ కనిపించే దృశ్యం ఒకటుంది. లైటు వెలగడం లేదు. బల్బు పీకేసి, ఖాళీ హోల్డరులో మీటరు ప్రోబులు పెడతారు. 12.5 చూపిస్తుంది. "కరెంటు వస్తోంది, బల్బే పోయింది" అంటారు. కొత్త బల్బు పెడతారు. అదీ వెలగదు. అప్పుడు మీటరు మీద నమ్మకం పోతుంది. అది చాలా అన్యాయం. మీటరు నిజమే చెప్పింది, ప్రశ్నే సరైనది కాదు.

డిజిటల్ మల్టీమీటరు ఓల్టుల రేంజిలో ఉన్నప్పుడు దాని లోపలి నిరోధం సాధారణంగా కోటి ఓంలు. సర్క్యూట్‌లోంచి అది తీసుకునే కరెంటు ఆంపియర్‌లో పది లక్షల వంతు, అంతకంటే కాస్త ఎక్కువ. దారిలో ఎక్కడో తుప్పు వల్ల వెయ్యి ఓంల అడ్డు ఉందనుకోండి. కోటి ముందు వెయ్యి ఎంత? మీటరు దాన్ని పట్టించుకోదు, పూర్తి ఓల్టేజీ చూపిస్తుంది. కానీ వేడెక్కి వెలుగుతున్న 55 వాట్ల ఫిలమెంటు నిరోధం దాదాపు 2.6 ఓంలు. 2.6 ముందు వెయ్యి ఓంల అడ్డు అంటే గోడ. అయిదు ఆంపియర్లకి దగ్గరగా పారాల్సిన కరెంటు ఆంపియర్‌లో నూరో వంతుకి పడిపోతుంది. బల్బు కన్ను తెరవదు.

అందుకే ఈ పనిలో మొదటి నియమం: బల్బు పెట్టి, లైటు వేసి, కరెంటు పారుతుండగా కొలవాలి. అడ్డు ఎంత పెద్దదో తెలిసేది దాని మీదుగా కరెంటు పారినప్పుడే. నిరోధాన్ని కరెంటుతో గుణిస్తే అక్కడ పోయే ఓల్టేజీ వస్తుంది. కరెంటు సున్నా అయితే ఎంత పెద్ద నిరోధమైనా మాయం చేసేది సున్నాయే.

పాత ఎలక్ట్రీషియన్ల జేబులో ఉండే టెస్ట్ ల్యాంప్ విలువ ఇక్కడే తెలుస్తుంది. ఒక చిన్న బల్బు, రెండు తీగలు, ఒక క్లిప్పు. మీటరులా అంకెలు చెప్పదు గానీ, వెలగడానికి అది కొంత కరెంటు తీసుకోక తప్పదు. తుప్పు పట్టిన దారి ఆ కాస్త కరెంటుకే దొరికిపోతుంది. చదువుకున్నవాళ్లు కొందరు ఆ పనిముట్టుని చిన్నచూపు చూస్తారు, అది తప్పు. ఒక జాగ్రత్త మాత్రం ఉంది. కంప్యూటర్లూ ఎయిర్‌బ్యాగులూ ఉన్న కొత్త కార్లలో దాన్ని ఎక్కడ పడితే అక్కడ పొడవకూడదు. పాత బండికి అది మంచి నేస్తం.

మీటరులో ఓంల రేంజి కూడా ఈ పనిలో మోసం చేస్తుంది. చవక మీటరులో అతి చిన్న ఓంల రేంజి 200. అందులో చివరి అంకె 0.1 ఓం. ప్రోబులు రెండూ ఒకదానికొకటి ఆనించినా 0.2, 0.3 అని చూపిస్తుంది, ఎందుకంటే ప్రోబుల తీగలకే అంత నిరోధం ఉంటుంది. డిప్పర్ స్విచ్చి లోపల 0.1 ఓం పెరిగిందా లేదా అన్నది ఇలాంటి కొలతతో తేలదు. కానీ రెండు దీపాల కరెంటూ కలిసి పారేటప్పుడు ఆ 0.1 ఓం దగ్గర ఒక ఓల్టుకి అటూ ఇటూ పోతుంది. ఓల్టుల రేంజిలో 0.01 దాకా చూపించే అదే మీటరుకి ఒక ఓల్టు చాలా పెద్ద అంకె. ఓంలలో కనిపించని లోపం ఓల్టుల్లో ఎదురొచ్చి నిలబడుతుంది.

బల్బుని బయటికి తీసి ఓంలలో కొలిచినవాళ్లకి మరో ఆశ్చర్యం ఎదురవుతుంది. లెక్క ప్రకారం 2.6 రావాలి కదా, మీటరు అర ఓం కూడా చూపించదు. ఫిలమెంటు టంగ్‌స్టన్. చల్లగా ఉన్నప్పుడు దాని నిరోధం, తెల్లగా మండేటప్పటి నిరోధంలో పదో వంతో, ఇంకా తక్కువో ఉంటుంది. బల్బు షార్ట్ అయిందని ఎవరైనా అంటే నమ్మకండి. హెచ్4 హాలోజన్ బల్బుని పట్టుకునేటప్పుడు గాజుని వేళ్లతో తాకవద్దు. వేళ్ల జిడ్డు ఆ వేడికి క్వార్ట్జ్ గాజుని పాడుచేస్తుంది. గుడ్డతో పట్టుకోండి.

మరొక్క హెచ్చరిక. మీటరుకి 10 ఆంపియర్లు అని రాసి ఉన్న రంధ్రం ఒకటి ఉంటుంది. ఎర్ర ప్రోబుని అందులో ఉంచి బ్యాటరీ రెండు కొసల మీదా పెడితే అది నేరుగా షార్టే. కారు బ్యాటరీ క్షణంలో వందల ఆంపియర్లు ఇవ్వగలదు. చాలా చవక మీటర్లలో ఆ రంధ్రానికి లోపల ఫ్యూజు కూడా ఉండదు. ఓల్టులు కొలిచేముందు ఎర్ర ప్రోబు ఏ రంధ్రంలో ఉందో చూసుకోవడం అలవాటు చేసుకోవాలి. చేతికి ఉంగరం, స్టీలు గడియారం ఉంటే తీసి పక్కన పెట్టాలి.

జమాఖర్చు

ఇప్పుడు ఇంకా కష్టమైన లోపం. ఏ దీపమూ ఆరలేదు, వింతలేవీ లేవు. కానీ రెండు దీపాలూ పచ్చగా, మసకగా వెలుగుతున్నాయి. రాత్రి హైవే మీద ఎదురుగా లారీ వస్తే రోడ్డు అంచు కనిపించడం లేదు. పాత బండ్లలో ఎక్కువమంది పడే బాధ ఇదే. నెమ్మదిగా పెరుగుతుంది కాబట్టి కళ్లు అలవాటు పడిపోతాయి. "పాత బండి లైట్లు ఇంతే" అని సర్దుకుపోతారు. నా దృష్టిలో ప్రమాదమంతా ఆ సర్దుబాటులోనే ఉంది.

ఇక్కడ పనికొచ్చే సూత్రాన్ని 1845లో గుస్టావ్ కిర్చాఫ్ చెప్పాడు. అప్పటికి అతనికి 21 ఏళ్లు, కోనిగ్స్‌బెర్గ్‌లో విద్యార్థి. ఒక సర్క్యూట్ చుట్టూ పూర్తిగా తిరిగి వస్తే, బ్యాటరీ ఇచ్చిన ఓల్టులూ దారిలో ఖర్చయిన ఓల్టులూ సమానంగా ఉండి తీరాలన్నది దాని సారం. కిరాణా కొట్టు చిట్టాలో జమ, ఖర్చు ఎలా కలవాలో ఇక్కడా అలాగే కలవాలి. ఒక్క పైసా కూడా లెక్కకి అందకుండా పోదు. దీపం దగ్గర రెండు ఓల్టులు తగ్గాయంటే, ఆ రెండూ దారిలో మరెక్కడో కచ్చితంగా ఖర్చయ్యాయి. ఎక్కడ ఖర్చయ్యాయో వెతకడమే మన పని.

ఒక ఉదాహరణ రాసుకుందాం. ఇంజిన్ ఆపి, డిమ్ లైట్లు వేశాం. బ్యాటరీ రెండు కొసల మధ్య 12.2 ఓల్టులు. నిండుగా చార్జయిన బ్యాటరీ ఏ బరువూ లేనప్పుడు 12.6 చూపిస్తుంది, బరువు పడితే ఇలా కొంచెం దిగుతుంది, అది సహజం. ఇప్పుడు ఎడమ దీపం హోల్డరు వెనకనుంచి ప్రోబులు దూర్చి, మండుతున్న బల్బు రెండు కాళ్ల మధ్య కొలిచాం. 9.8. అంటే 2.4 ఓల్టులు దారిలో పోయాయి.

మొదట రాకడ దారి, పోకడ దారి వేరుచేయాలి. ఎర్ర ప్రోబు బ్యాటరీ ప్లస్ మీద, నల్లది బల్బు డిమ్ కాలు మీద: 1.9. తర్వాత బల్బు ఉమ్మడి కాలుకీ బ్యాటరీ మైనస్‌కీ మధ్య: 0.5. 1.9, 9.8, 0.5 కలిపితే 12.2. చిట్టా కలిసింది, కొలతలు నమ్మొచ్చు. కలవలేదంటే ప్రోబు ఎక్కడో తుప్పు మీద ఆనిందన్నమాట, మళ్లీ కొలవాలి.

బ్యాటరీ నుంచి దీపం దాకా ప్రోబులు అందవు కదా అంటారు. ఏదైనా సన్న తీగని మూడు మీటర్లు కోసి ఒక ప్రోబుకి అతికించండి. మందం గురించి బెంగ వద్దు. కోటి ఓంల మీటరుకి ఆ తీగ నిరోధం లెక్కలోకే రాదు. ఇందాక మనల్ని తప్పుదారి పట్టించిన గుణమే ఇప్పుడు సాయపడుతోంది.

1.9 పోయిన ప్లస్ దారిని ఇప్పుడు ముక్కలుగా విడగొట్టాలి. బ్యాటరీ నుంచి లైట్ల స్విచ్చి లోపలికి వచ్చే చోటు దాకా 0.3. స్విచ్చికి అటూ ఇటూ 0.2. డిప్పర్‌కి అటూ ఇటూ 1.1. అక్కణ్ణుంచి దీపం దాకా, మధ్యలో కనెక్టరుతో సహా, 0.3. మళ్లీ కలిపితే 1.9. దొంగ దొరికాడు, డిప్పర్! దాని ద్వారా రెండు డిమ్ ఫిలమెంట్ల కరెంటు, ఎనిమిది ఆంపియర్ల దరిదాపుల్లో, పారుతోంది. 1.1 ఓల్టుని ఎనిమిదితో గుణిస్తే దాదాపు తొమ్మిది వాట్లు. దీపంలో వెలుగు కావలసిన శక్తి డిప్పర్ లోపల, గోరంత చోట వేడిగా మారిపోతోంది. చేయి పెట్టి చూస్తే వెచ్చగా తగులుతుంది. పాత స్విచ్చిల ప్లాస్టిక్ కరిగి, గోధుమరంగు మచ్చలు కనిపించేది ఇందుకే. పైగా లూకాస్ పద్ధతిలో వచ్చిన చాలా పాత బండ్లలో హెడ్‌లైట్లకి ఫ్యూజే ఉండేది కాదు. రాత్రి నడి రోడ్డు మీద రెండు దీపాలూ ఒక్కసారి ఆరిపోకూడదన్న ఆలోచనతో అలా పెట్టారు. కాబట్టి ప్లాస్టిక్ కరిగి షార్ట్ అయితే ఆపేవాళ్లు ఎవరూ లేరు.

ఎంత పోతే ఎక్కువ పోయినట్టు? ఒక్కో కనెక్టరు దగ్గర 0.1 ఓల్టు లోపు, ఒక స్విచ్చికి 0.2 లోపు, ఎర్త్ దారి మొత్తం మీద 0.1, 0.2 లోపు ఉంటే సంతోషించొచ్చు. మంచి రాగి తీగలో కూడా కొంత పోక తప్పదు. రెండు చదరపు మిల్లీమీటర్ల మందం ఉన్న రాగి తీగ మీటరు పొడవుకి ఒక ఓంలో వెయ్యి భాగాలు చేస్తే దాదాపు తొమ్మిది భాగాల నిరోధం ఉంటుంది. నాలుగు మీటర్ల తీగలో పది ఆంపియర్లు పారితే 0.35 ఓల్టు దాకా పోతుంది. అది తీగ జబ్బు కాదు, రాగి స్వభావం.

కరెంటుకీ నిరోధానికీ ఓల్టేజీకీ ఉన్న ఈ సంబంధాన్ని జార్జ్ సైమన్ ఓం 1827లో పుస్తకంగా అచ్చు వేశాడు. కొలోన్‌లో బడిలో పాఠాలు చెబుతూ చేసిన పని అది. ఆ కాలపు బ్యాటరీలు నిలకడ లేనివి, కరెంటు తీయగానే ఓల్టేజీ జారిపోయేది. దానితో కొలతలు కుదరడం లేదని అతను బిస్మత్, రాగి కడ్డీలు అతికించి, ఒక అతుకుని మరిగే నీటిలో, రెండోదాన్ని మంచులో ఉంచి, ఆ ఉష్ణోగ్రతల తేడానుంచి స్థిరమైన విద్యుత్తు పుట్టించాడు. బరువు పడితే బ్యాటరీ దిగిపోతుందన్న సంగతి ఇప్పటికీ మనల్ని తికమకపెడుతుంది. అందుకే బ్యాటరీ అంకెని ఒక్కసారి కొలిచి ఊరుకోకుండా, లైట్లు వేసి ఉన్నప్పుడే మళ్లీ మళ్లీ చూసుకోవాలి.

రెండు లోహాలు తాకే చోటు

నిగనిగలాడే రెండు లోహపు ముఖాలు ఒకదాన్నొకటి ఆనుకుంటే మొత్తం వైశాల్యమంతా తాకుతున్నట్టు కనిపిస్తుంది. నిజానికి ఏ ముఖమూ నున్నగా ఉండదు. రెండింటి మీదా ఉన్న మిట్టలు ఎదురుపడ్డ కొద్ది చోట్ల మాత్రమే నిజమైన తాకిడి ఉంటుంది. కరెంటంతా ఆ కొద్ది చుక్కల్లోంచే ఇరుక్కుని పోవాలి. ఈ విషయాన్ని జీవితమంతా పరిశోధించినవాడు స్వీడన్‌కి చెందిన రాగ్నార్ హోల్మ్. తాకే చోట్లు పెరగాలంటే రెండు లోహాల్నీ గట్టిగా నొక్కి ఉంచాలి. కనెక్టరులో స్ప్రింగు చేసే పని అదే, ఎర్త్ బోల్టుని గట్టిగా బిగించమనేదీ అందుకే.

ఏళ్లు గడిచేకొద్దీ ఆ చుక్కల చుట్టూ ఆక్సైడు పెరుగుతుంది. ఇత్తడి మీద చిలుము, ఇనుము మీద తుప్పు. విశాఖపట్నం, కాకినాడ, మచిలీపట్నం లాంటి చోట్ల ఉప్పుగాలికి ఇది ఇంకా తొందరగా జరుగుతుంది. తాకే చుక్కలు తగ్గితే నిరోధం పెరుగుతుంది. నిరోధం పెరిగితే ఆ చోటు వేడెక్కుతుంది. వేడికి ఆక్సైడు ఇంకా తొందరగా పెరుగుతుంది, స్ప్రింగు బిగువు కూడా సడలుతుంది. ఒకసారి మొదలైందంటే తనంతట తాను ఆగదు. కనెక్టరుని ఒకసారి పీకి మళ్లీ గుచ్చగానే లైటు బాగయిందంటే, చిలుము కొంచెం గీరుకుపోయి కొత్త చుక్కలు తాకాయన్నమాట. నెల తిరక్కుండా మళ్లీ మొదటికి వస్తుంది. శుభ్రం చేసి, బిగువు చూసి, అవసరమైతే ఆ కనెక్టరు మార్చేస్తేనే పని పూర్తయినట్టు.

సూదితో తీగ తొడుగుని పొడిచి లోపలి కరెంటు చూసే అలవాటు కూడా మానుకోవాలి. ఆ చిన్న బొక్కలోంచి వాన నీరు చేరి, లోపల రాగి పచ్చబడి, మరో ఏడాదికి అక్కడే కొత్త లోపం పుడుతుంది. హోల్డరు వెనకనుంచి, కనెక్టరు వెనకనుంచి ప్రోబు దూర్చడానికి దాదాపు ఎప్పుడూ చోటు దొరుకుతుంది.

రెండు ఓల్టులకి ఇంత గొడవా?

అవును. ఫిలమెంటు బల్బు వెలుగు ఓల్టేజీతో పాటు నేరుగా తగ్గదు, అంతకంటే చాలా వేగంగా పడిపోతుంది. ఓల్టేజీ ఎన్నో వంతుకి తగ్గితే, వెలుగు ఆ భిన్నాన్ని మూడుసార్లకు పైగా దానితోనే గుణించినంత తగ్గుతుంది. హెచ్4 బల్బు వెలుగుని ప్రమాణంగా కొలిచేది 13.2 ఓల్టుల దగ్గర. అక్కడ నూరు పాళ్లు అనుకుంటే, 11.5 దగ్గర 63 పాళ్లు మిగులుతుంది. 10.5 దగ్గర సగం కూడా ఉండదు, 46. మన ఉదాహరణలో 9.8కి మూడో వంతు దగ్గర పడుతుంది. రంగు కూడా తెలుపునుంచి పసుపుకి జారుతుంది. రోడ్డు అంచు, సైకిలు మీద వెళ్లే మనిషి, నల్ల గేదె, ఏదైనా సరే అంత ఆలస్యంగా కంటబడుతుంది.

ఈ లెక్క తెలియక చాలామంది 100/90 వాట్ల బల్బులు పెట్టిస్తారు. బ్రైట్ వేస్తే రెండు దీపాలకీ కలిపి 16 ఆంపియర్లు దాటుతుంది. తీగల్లో, స్విచ్చిలో పుట్టే వేడి కరెంటు వర్గంతో పెరుగుతుంది కాబట్టి, అప్పటికే అలసిన డిప్పర్ మీద పడే వేడి రెండున్నర రెట్లు దాటిపోతుంది. పోయే ఓల్టులు కూడా పెరుగుతాయి, కాబట్టి కొన్న వాట్లన్నీ దీపం దాకా చేరవు. ఎదుటి డ్రైవరు కళ్లకి మాత్రం చేటు. దీన్ని నేను గట్టిగా వద్దంటాను. ఉన్న 55 వాట్లకి పూర్తి ఓల్టేజీ అందిస్తే పాత అంబాసిడర్ లైటు చూసి యజమానులే ఆశ్చర్యపోతారు.

పూర్తి ఓల్టేజీ అందించడానికి మంచి దారి రిలే, అంటే చిన్న కరెంటుతో పెద్ద కరెంటుని కలిపే స్విచ్చి. బ్యాటరీ నుంచి మందపాటి తీగ, మధ్యలో ఫ్యూజు, రిలే మీద 30వ నంబరు కాలుకి. అక్కణ్ణుంచి 87వ నంబరు ద్వారా నేరుగా దీపానికి. డిప్పర్ నుంచి వచ్చే పాత తీగ ఇప్పుడు 85, 86 మధ్యనున్న కాయిల్‌ని మాత్రమే నడుపుతుంది, దానికి ఆంపియర్‌లో చిన్న భాగం చాలు. పాత స్విచ్చికి పని తప్పలేదు, బరువు తగ్గింది. ఎర్త్ తీగని కూడా మందంగా వేయడం మరిచిపోకూడదు. ఎంత కరెంటు వస్తే అంత తిరిగిపోవాలి కదా.

కొన్ని జపాన్ తరహా బండ్ల దగ్గర ఒక్క మెలిక ఉంది. వాటిలో హెడ్‌లైట్ స్విచ్చి ప్లస్ దారిలో కాక ఎర్త్ దారిలో ఉంటుంది. బల్బు ఉమ్మడి కాలుకి ప్లస్ వస్తుంది, డిమ్, బ్రైట్ కాళ్లు స్విచ్చి ద్వారా ఎర్త్ అవుతాయి. అలాంటి బండిలో ఉమ్మడి కాలు మీద 12 ఓల్టులు కనిపిస్తే అది లోపం కాదు. బండి వైరింగు బొమ్మ దొరికితే ముందు అది చూడండి. దొరక్కపోతే, లైటు వేయకముందు, వేసిన తర్వాత మూడు కాళ్ల మీదా కొలిచి కాగితం మీద రాసుకుంటే ఏ పద్ధతో తేలిపోతుంది.

రిపేరు అయ్యాక ఇంజిన్ నడుస్తుండగా ఒకసారి తప్పకుండా కొలవాలి. బ్యాటరీ దగ్గర 13.8 నుంచి 14.4 మధ్య ఉండాలి. ఇలా చెప్పడానికి కారణం ఉంది. వైరింగు బాగుచేసిన కొద్ది వారాలకే కొత్త బల్బులు ఒకదాని వెంట ఒకటి కాలిపోయి, రిపేరు చేసినవాళ్ల మీద నింద పడటం జరుగుతుంటుంది. బల్బు ఆయుష్షు ఓల్టేజీ విషయంలో వెలుగుకంటే కూడా సున్నితం. ఉండాల్సినదానికంటే అయిదు శాతం ఎక్కువైతే చాలు, ఆయుష్షు దాదాపు సగానికి పడిపోతుంది. చార్జింగ్ ఓల్టేజీని అదుపులో ఉంచే రెగ్యులేటరు చెడి 15.2 ఓల్టులు ఇస్తోందనుకోండి. దారిలో 2.4 పోతున్నంత కాలం బల్బుకి 12.8 అందింది, ఏ గొడవా లేదు. చిలుము గీకి, డిప్పర్ మార్చి, నష్టాన్ని 0.4కి తెచ్చాక అదే బల్బు మీద 14.8 పడుతోంది. పాత తుప్పు ఇన్నాళ్లూ రెగ్యులేటరు జబ్బుని దాచింది. బ్యాటరీలో నీళ్లు తరచూ తగ్గిపోతున్నాయా అని యజమానిని అడగండి. అవునంటే అనుమానం ఇంకా బలపడుతుంది. ఇంజిన్ని కొంచెం రేజ్ చేయించి, మీటరు బ్యాటరీ మీదే పెట్టి చూడండి. వేగంతో పాటు అంకె 14.4 దాటి పైకి పోతూనే ఉంటే, ఇక హెడ్‌లైట్ తీగలు వదిలిపెట్టి రెగ్యులేటరు దగ్గరికి వెళ్లాలి.